హాస్టల్ ఫీజు, రూము అద్దె: తీసివేత ఎక్కడ తప్పుతోంది

అయ్యా,

ఇంజినీరింగ్ ప్రవేశాలకు తెలంగాణలో ఎప్‌సెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లలో సీట్లు ఖరారు కాగానే చాలా ఇళ్లలో ఒక లెక్క నడుస్తుంది. ‘కాలేజీ హాస్టల్ లక్షా పదివేలట. బయట నలుగురు కలిసి ఫ్లాటు తీసుకుంటే తలకు నాలుగు వేలేనట.’ నాలుగు వేలను పన్నెండుతో గుణించి, లక్షా పదివేలలోంచి తీసేసి, మిగిలిందంతా ఆదా అనుకుంటారు. హాస్టళ్ల బాధ్యత చూసినవాళ్లుగా మేం చెప్పదలచిందేమిటంటే, ఆ తీసివేతలో ఒకవైపు అన్నం, నీళ్లు, కరెంటు, ఊడ్చే మనిషి, రాత్రి కాపలా అన్నీ ఉన్నాయి. రెండోవైపు గోడలు మాత్రమే ఉన్నాయి. బయటికి వెళ్లడం తప్పని మేం అనడం లేదు. మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థులు చాలామందికి బయటే మేలు. కానీ ఆ నిర్ణయం ఈ తీసివేత మీద నిలబడకూడదు.

లెక్క పూర్తిగా వేసి చూద్దాం. హైదరాబాద్ శివార్లలో రెండు పడగ్గదుల ఫ్లాటు అద్దె 16,000, మెయింటెనెన్స్ 2,000 అనుకోండి. నలుగురికి తలకు 4,500. విద్యార్థి వేసవిలో ఇంటికి వెళ్లినా ఓనరుకు అద్దె ఆగదు కాబట్టి పన్నెండు నెలలకు 54,000. రెండు పూటలా వండే మనిషికి నెలకు 6,000 ఇస్తే తలకు 1,500. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గ్యాస్ కలిపి 3,000. కరెంటు 400, ఇంటర్నెట్ 200. తాగడానికీ వంటకూ రోజుకో ఇరవై లీటర్ల క్యాను, తలకు నెలకు 150. ఇదంతా 5,250, పది నెలలకు 52,500. పరుపు, బకెట్లు, స్టవ్వు, గిన్నెలు, సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్‌లో వాటా, అన్నీ కలిపి మొదటి ఏడాది తలకు 8,000 అవుతుంది. కాలేజీ మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే షేర్ ఆటోకు పోనూ రానూ 40, ఏడాదికి 200 రోజులకు మరో 8,000. మొత్తం 1,22,500. ఫ్లాటు ఖాళీ చేసే రోజున రంగులు వేయించాలంటూ ఓనరు కోసుకునే నెల అద్దె దీనికి అదనం. ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి. భీమవరంలో అద్దె తక్కువ, గచ్చిబౌలిలో ఎక్కువ. ఖర్చుల గడులు మాత్రం అవే.

రెండో ఏడాది సామాన్ల ఖర్చు ఉండదు కాబట్టి 1,14,500కు దిగుతుంది. అప్పుడే అసలు ప్రమాదం వస్తుంది. నలుగురిలో ఒకడు ఇంటర్న్‌షిప్ అనో, పడలేదనో, ఇంట్లో డబ్బుల్లేకనో మధ్యలో వెళ్లిపోతాడు. మిగిలిన ముగ్గురికి అద్దె 4,500 నుంచి 6,000 అవుతుంది, వంటమనిషి జీతం 1,500 నుంచి 2,000 అవుతుంది. ఏడాదంతా కొత్తవాడు దొరక్కపోతే తలకు 23,000 పెరిగి 1,37,500 దగ్గర తేలుతుంది. బయట రూము లెక్క తలకిందులయ్యేది అద్దె పెరిగి కాదు, మనిషి తగ్గి. అందుకే నలుగురి ఫ్లాటు చూసేటప్పుడు ముగ్గురి లెక్క కూడా వేసి, అది మోయగలిగితేనే అడ్వాన్సు ఇవ్వాలి.

కాలేజీ హాస్టల్‌లోనూ ఖర్చు దాగి ఉంటుంది. అక్కడ అది ఫీజులో కాదు, సెలవుల్లో ఉంటుంది. దసరా, సంక్రాంతి, సెమిస్టర్ విరామాలు, నెలకో రెండు వారాంతాలు తీసేస్తే విద్యార్థి హాస్టల్‌లో నిజంగా ఉండేది సుమారు 250 రోజులు. లక్షా పదివేలను 250తో భాగిస్తే రోజుకు 440. ఇల్లు దగ్గరై వారం వారం వెళ్లేవాడు 200 రోజులే ఉంటాడు, అతనికి రోజుకు 550 పడుతుంది. కాబట్టి చేరేముందు హాస్టల్ ఆఫీసులో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: మెస్ ఫిక్స్‌డా, డివైడింగా?

యూనివర్సిటీ హాస్టళ్లలో చదివినవాళ్లకు డివైడింగ్ సంగతి కొత్త కాదు. నెలంతా మెస్‌కు అయిన ఖర్చును, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే ఒక రోజు రేటు వస్తుంది. మీరు తిన్న రోజులకే కడతారు. ఇంటికి వెళ్లేముందు లీవ్ లెటర్ ఇవ్వాలి. ఇన్ని రోజులు వరసగా లేకపోతేనే తగ్గింపు అన్న షరతు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. చెప్పకుండా బస్సెక్కినవాడికి తిన్నట్టే బిల్లు పడుతుంది. దీనిలో ఒక మెలిక ఉంది. వంటవాళ్ల జీతాలు, గ్యాస్ లాంటివి తినేవాళ్లు తగ్గినా అంతగా తగ్గవు. దసరాకు సగం హాస్టల్ ఖాళీ అయితే ఆ బరువు మిగిలినవాళ్ల మీద పడి రోజు రేటు పెరుగుతుంది. అక్టోబరు బిల్లు చూసి మెస్ సెక్రటరీ తినేశాడని గొడవకు దిగేముందు తిన్న రోజుల మొత్తం ఎంతో అడగండి. తిన్నా తినకున్నా ఒకే మొత్తం కట్టే ఫిక్స్‌డ్ పద్ధతిలో ఈ గొడవ ఉండదు, తగ్గింపూ ఉండదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంటికి తరచూ వెళ్లేవాళ్లకు ఇది నష్టం, దూరం నుంచి వచ్చి సెమిస్టరంతా అక్కడే ఉండేవాళ్లకు పరవాలేదు.

కాలేజీ హాస్టల్‌కూ సొంత ఫ్లాటుకూ మధ్య ప్రైవేటు హాస్టల్ ఉంది. కాలేజీ గేటు ఎదుటా, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి సందుల్లోనూ ఉండేవి ఇవే. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని బోర్డు మీద రేటు వేసి ఉంటుంది. అడ్వాన్సు తక్కువ, సామాన్లు కొనక్కర్లేదు, నచ్చకపోతే నెల తిరిగేసరికి మారొచ్చు. ఈ మంచి నిజమే. చూడ్డానికి వెళ్లేవాళ్లు మాత్రం మంచాలు, టైల్స్ చూసి తిరిగొస్తారు. చూడాల్సింది డాబా మీది నీళ్ల ట్యాంకు. అరవై మంది ఉన్న భవనంలో స్నానాలకు, బట్టలకు, మరుగుదొడ్లకు మనిషికి వంద లీటర్లు వేసుకున్నా రోజుకు 6,000 లీటర్లు కావాలి. పైన రెండు వేల లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే రోజుకు మూడుసార్లు నింపాలి. ఉదయం ఏడింటికి కరెంటు పోతే ఏడుంబావుకు కుళాయి ఆగుతుంది. ఇంటర్నల్ పరీక్ష రోజున ఇది తెలుసుకుని లాభం లేదు. అలాగే ఒక బాత్రూముకు ఎంతమందో లెక్కపెట్టండి. ఆరుగురికి ఒకటైతే, మనిషికి పన్నెండు నిమిషాల చొప్పున 72 నిమిషాలు. తొమ్మిదింటి క్లాసుకు ఎనిమిదింబావుకు బయల్దేరాలంటే మొదటివాడు ఏడింటికి లోపలికి వెళ్లాల్సిందే. చేరకముందే అక్కడ ఉంటున్న ఇద్దరు పిల్లల్ని పక్కకు పిలిచి ఏప్రిల్‌లో నీళ్లెలా ఉన్నాయని అడగడం అన్నిటికన్నా తేలికైన పరీక్ష. ట్యాంకరు తెప్పించిన డబ్బులు ఎవరి దగ్గర వసూలు చేశారో కూడా వాళ్లే చెబుతారు.

భోజనం రుచి చూడాలంటే ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. ఆ పూట చికెన్ ఉంటుంది, ఎక్కడైనా బాగుంటుంది. మంగళవారమో గురువారమో రాత్రి ఎనిమిదిన్నర దాటాక వెళ్లండి. చివరి బ్యాచ్‌కు కూర మిగిలిందా, సాంబారులో నీళ్లు కలిశాయా తెలిసేది అప్పుడే. మధ్యాహ్నం బాక్సు కట్టించుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. ప్రైవేటు హాస్టల్‌లో తెల్లవారుజామున ఐదింటికే వంట మొదలవుతుంది. ఏడింటికి పొగలు కక్కే అన్నాన్ని స్టీలు డబ్బాలో పెట్టి వెంటనే మూత బిగిస్తారు. మూతకు పట్టిన ఆవిరి నీరై అన్నంలోకి దిగుతుంది, ఆ వెచ్చదనంలో ఒంటిగంటకల్లా వాసన వస్తుంది. అన్నాన్ని పళ్లెంలో పది నిమిషాలు ఆరనిచ్చి, కూర వేరే గిన్నెలో పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. మార్చి దాటాక కొబ్బరి, బంగాళదుంప వేసిన కూరలు బాక్సులోకి వద్దు.

బిల్లు విషయంలో ఒక మాట. కొన్ని హాస్టళ్లు ఇప్పటికీ జీఎస్టీ అంటూ ఫీజు మీద అదనంగా అడుగుతున్నాయి. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ 53వ సమావేశం సిఫారసు చేశాక, జూలై 15 నుంచి మనిషికి నెలకు 20,000 మించని వసతికి, వరసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే, జీఎస్టీ మినహాయింపు ఉంది. ఏడు వేల హాస్టల్‌లో సెమిస్టరంతా ఉండే విద్యార్థి పన్ను కట్టనక్కర్లేదు. రసీదు మాత్రం ప్రతి నెలా తీసుకోవాలి. చెల్లింపు ఫోన్‌లో చేసినా, ఏ నెలకు, దేనికి అన్నది రాసిన కాగితం ఉండాలి. పదో తరగతి, ఇంటర్ అసలు సర్టిఫికెట్లు హాస్టల్‌వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఆధార్ జిరాక్స్ ఇస్తే చాలు, దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో సహా పెన్నుతో రాసి ఇవ్వండి.

ఇక సొంతంగా ఫ్లాటు తీసుకునేవారి సంగతి. అద్దె ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకే రాస్తారు. మొదటి ఏడాది విద్యార్థులకు చాలామందికి పదిహేడేళ్లే ఉంటాయి. మైనరు సంతకం చేసిన ఒప్పందం చెల్లదు. తండ్రో తల్లో సంతకం పెట్టాలి. ఓనర్లు సాధారణంగా నలుగురిలో ఒకరి పేరునే రాయమంటారు. అలా రాస్తే మిగతా ముగ్గురు వెళ్లిపోయినా పూర్తి అద్దె ఆ ఒక్కడి మెడకే చుట్టుకుంటుంది. నలుగురి పేర్లూ, ఎవరి వాటా ఎంతో, ఎవరైనా వెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, కొత్తవాణ్ని తెచ్చుకోవచ్చో లేదో అన్నీ అందులోనే రాయించుకోవాలి. కరెంటు మీటరు నంబరు, చేరిన రోజు రీడింగు, తాళంచెవులు ఎన్ని, ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు ఎన్ని ఉన్నాయో కూడా. రంగుల కోత ఎంతో అంకె వేయించాలి. ‘ఖాళీ చేసేటప్పుడు చూసుకుందాం’ అనే మాటకు అర్థం ఒక్కటే, అప్పుడు ఓనరు చెప్పిందే లెక్క. చేరిన రోజే గోడల మీది మరకలు, పగిలిన టైల్స్ ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేస్తే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. బ్యాచిలర్లకు ఇవ్వమనే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చాలా ఉన్నాయి. ఓనరు సరే అన్నా అసోసియేషన్ ఒప్పుకోక నెలకే ఖాళీ చేయించిన సందర్భాలు తక్కువేం కాదు. సెక్రటరీతో ముందే మాట్లాడాలి. మాంసం వండుతారా, కులమేమిటి అని గుమ్మంలోనే అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్న వేసిన ఇంట్లో ఏడాదంతా ప్రశాంతంగా ఉండటం కష్టమే.

కరెంటు దగ్గర విద్యార్థులు తెలియక నష్టపోతారు. తెలంగాణ 2022–23 టారిఫ్‌లో ఇంటి మీటరు మీద 200 యూనిట్లు కాలితే చార్జీ 820 రూపాయలు. 201 కాలితే మొదటి 200కు కూడా రేటు మారి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండొందల పైన. నలుగురున్న ఫ్లాటు ఈ గీత దాటడం చాలా తేలిక. మూడు పాతకాలం ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 95 యూనిట్లు. పదిహేను లీటర్ల గీజరు ఒకసారి వేడెక్కడానికి అర యూనిట్ దాకా పడుతుంది, నలుగురికి నెలకు 60. ఇండక్షన్ స్టవ్వు రోజుకో గంటైతే యాభైకి దగ్గర. ఫ్రిజ్‌కు ఓ పాతిక. ల్యాప్‌టాప్‌లు, లైట్లు లెక్కలోకి రాకముందే 230. గీజరు స్విచ్ వేసి మరిచిపోకుండా నలుగురూ వరసగా స్నానాలు చేయడం, వంట గ్యాస్ మీద చేయడం అనే రెండు పనులతోనే ఎక్కువ నెలల్లో గీత లోపల ఉండొచ్చు. భవనమంతటికీ ఒకటే మీటరు పెట్టి, గదికో సబ్‌మీటరు బిగించి, యూనిట్‌కు పది పన్నెండు రూపాయలు వసూలు చేసే చోట మాత్రం ఎంత పొదుపు చేసినా రేటు మారదు. అలాంటి చోట చేరేముందే యూనిట్ రేటు కాగితం మీద రాయించుకోవాలి.

ప్రమాదం గురించి కూడా చెప్పాలి. గోడకున్న మామూలు 6 ఆంపియర్ల సాకెట్ మోసేది 1,400 వాట్ల లోపే. ఇండక్షన్ స్టవ్వు 1,800 నుంచి 2,000, నీళ్లు కాచే రాడ్డు 1,500. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ఈ రెంటినీ ఒకే సాకెట్‌కు తగిలిస్తే మొదట ప్లగ్గు వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చాక కూడా వాడేవాళ్లున్నారు. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ వంటగదిలో ఉందా లేదా అన్నది ఫ్లాటు చూసే రోజునే చూడాలి. కాలేజీ హాస్టళ్లలో రాడ్లు, స్టవ్వులు జప్తు చేసేది కూడా ఇందుకే. గదికి లాగిన వైరు ఫ్యాన్లకు, లైట్లకు, చార్జర్లకు లెక్కేసి లాగింది. మెట్ల కింద మీటర్లు, ఆ పక్కనే బైకులు, బయటికి ఒకటే దారి ఉన్న ప్రైవేటు హాస్టల్‌లో నాలుగో అంతస్తు గది ఎంత చవకైనా వద్దు.

గ్యాస్ కనెక్షన్‌కు చిరునామా రుజువు లేదని కొందరు సందు చివర దుకాణంలో చిన్న సిలిండరు స్టవ్వు నింపించుకుంటారు. అది చట్టవిరుద్ధం, వాల్వు కారితే అడిగే దిక్కుండదు. ఆయిల్ కంపెనీలే ఐదు కిలోల సిలిండరును చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీద అమ్ముతున్నాయి. నలుగురికి రెండు పూటలా వండితే అది పది పన్నెండు రోజులు వస్తుంది. ఇంటిదాకా వచ్చే 14.2 కిలోలదైతే నెల దాటుతుంది. ఓనరు కనెక్షన్ వాడుకోనిస్తే అదే మేలు.

సరుకుల కొలతలు తెలియక మొదటి నెల సగం పారేస్తారు, రెండో నెల ఇరవయ్యో తేదీకే అన్నీ అయిపోతాయి. రెండు పూటలా అన్నం తినే కుర్రాడికి రోజుకు 300 గ్రాముల బియ్యం. నలుగురికి 1.2 కిలోలు, అంటే 26 కిలోల బస్తా మూడు వారాలు. (బస్తా 26 కిలోలైంది కూడా పన్ను వల్లే. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ పడటంతో మిల్లర్లు ఒక కిలో పెంచారు.) కందిపప్పు నెలకు ఆరు కిలోలు, నూనె మూడు లీటర్లు సరిపోతాయి. వంటావిడకు రాత్రి తొమ్మిదిలోగా రేపు ఎంతమంది తింటారో చెప్పే ఏర్పాటు ఉండాలి. లేకపోతే నలుగురికి వండిన కూర ఇద్దరు తిని, మిగతాది ఫ్రిజ్‌లో మూడు రోజులుండి చెత్తబుట్టకు పోతుంది. డబ్బు పంపకంలో గొడవ వచ్చేది కూడా ఇక్కడే. పది రోజులు ఊళ్లో ఉన్నవాడు పూర్తి వాటా ఎందుకివ్వాలంటాడు. హాస్టల్ డివైడింగ్ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. అద్దె, ఇంటర్నెట్, వంటావిడ జీతం మనిషి ఉన్నా లేకున్నా సమానంగా, బియ్యం, కూరగాయలు, పాలు తిన్న రోజుల లెక్కన. గోడకో క్యాలెండరు తగిలించి తినని పూట గీత కొడితే చాలు, దీనికి యాప్ అక్కర్లేదు.

దూరం గురించి చెప్పుకునేది ఎప్పుడూ డబ్బు భాషలోనే. అసలు దెబ్బ హాజరు మీద పడుతుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే కారణం చూపి ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు లోటుకు మాఫీ) తెచ్చుకోవాలి, 65 కన్నా తగ్గితే డిటెన్షనే, అంటే పరీక్ష రాయనివ్వరు. రోజుకు ఆరు పీరియడ్లు, వారానికి 36. ఉదయం వంటావిడ రాలేదనో, నీళ్లు రాలేదనో, ఆటో దొరకలేదనో వారంలో మూడుసార్లు మొదటి పీరియడ్ పోతే ఎనిమిది శాతం అక్కడే పోయింది. జ్వరాలు, పండగలు, ఫెస్టులు కాక. మొదటి ఏడాది పిల్లలకు ఇంట్లో లేపే అమ్మ, ఇంటర్ హాస్టల్లో లేపే వార్డెన్ అలవాటు. ఆ రెండూ ఒకేసారి తప్పితే ఈ ఎనిమిది శాతం పోవడం చాలా మామూలు. మొదటి ఏడాది కాలేజీ హాస్టలే మేలని మేం అనడానికి ముఖ్యకారణం క్రమశిక్షణ గురించిన ఉపన్యాసం కాదు, ఈ మొదటి పీరియడే. ఒక ఏడాది అక్కడుంటే తర్వాత ఎవరితో కలిసి ఉండగలరో కూడా తెలుస్తుంది. కౌన్సెలింగ్ హాల్లో పరిచయమైన నలుగురితో జూలైలో ఫ్లాటు తీసుకోవడం కన్నా, ఏడాది పాటు చూసిన ముగ్గురితో తీసుకోవడం క్షేమం.

అమ్మాయిల లెక్క వేరు. చాలా కాలేజీల్లో అబ్బాయిల హాస్టల్ గేటు తొమ్మిదింటికో పదింటికో మూస్తే, అమ్మాయిలది ఆరున్నరకో ఏడింటికో మూస్తారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచి ఉన్నా వాళ్లకు మూసినట్టే. ఎంటెక్ ప్రవేశ పరీక్ష ‘గేట్’ కోచింగ్‌కో, సాయంత్రం ప్రాజెక్టు పనికో వెళ్లాలనే అమ్మాయిలు బయటికి వస్తున్నది ఎక్కువగా ఈ హాస్టల్ గేటు వల్లే. భద్రత పేరుతో అమ్మాయిల హాస్టళ్లలో అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నిబంధనలు పెట్టరాదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. వాటిని ఎన్ని కాలేజీలు చదివాయో తెలుసుకోవాలంటే గేటు మీద రాసిన టైము చూస్తే చాలు. మరోవైపు ఆర్టీసీ ఉచిత ప్రయాణం లెక్కను మార్చేసింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. నలభై కిలోమీటర్ల లోపు నేరుగా బస్సు ఉంటే ఇంటి నుంచే వెళ్లిరావడం చాలామంది అమ్మాయిలకు మూడో దారి అయింది. ఒక జాగ్రత్త: ఈ పథకాలు ఆయా రాష్ట్రాల వాళ్లకే. గుంటూరు చిరునామా ఆధార్‌తో హైదరాబాద్‌లో చదివే అమ్మాయి టికెట్ కొనాల్సిందే.

స్కాలర్‌షిప్ గురించి క్లుప్తంగా. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈ-పాస్ దరఖాస్తులో డే స్కాలర్, హాస్టల్ అని వేర్వేరు గడులున్నాయి. విద్యార్థి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ మొత్తం దాన్ని బట్టే మారుతుంది. సొంతంగా రూము తీసుకున్నవారు సాధారణంగా డే స్కాలర్ కిందికే వస్తారు. మధ్యలో హాస్టల్ వదిలితే ఆ మార్పు చేయించకపోవడం తర్వాత ఇబ్బంది పెడుతుంది. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖల పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లనూ మరిచిపోకండి. సీట్లు తక్కువ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు చేతిలో ఉంచుకుని తొందరగా దరఖాస్తు చేయాలి.

సీనియర్ల వేధింపు క్యాంపస్ హాస్టల్లోనే ఉంటుందని, బయటుంటే ర్యాగింగ్ భయం లేదని తల్లిదండ్రులు అనుకుంటారు. కాలేజీ హాస్టల్‌లో మొదటి ఏడాది వాళ్లకు వేరే బ్లాకు, వార్డెన్, కాపలా ఉండాలి. ప్రైవేటు హాస్టల్‌లో మొదటి ఏడాదివాడూ నాలుగో ఏడాదివాడూ ఒకే గదిలో ఉంటారు, అడిగేవాడుండడు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు క్యాంపస్ బయట జరిగినదానికీ, ప్రయాణంలో జరిగినదానికీ వర్తిస్తాయి. ప్రైవేటు లాడ్జీలు, హాస్టళ్లు స్థానిక పోలీసుల వద్ద నమోదు కావాలనీ, అందుకు కాలేజీ అధిపతి సిఫారసు ఉండాలనీ కూడా వాటిలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఎలాగూ ఉంది. బయట హాస్టల్‌లో జరిగినదానికి ‘అది మా క్యాంపస్ కాదు’ అని ప్రిన్సిపాల్ చేతులు దులుపుకుంటే, ఈ నిబంధన చూపించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు విద్యార్థి స్వయంగా ఫోన్ చేయొచ్చు.

కాలేజీల నుంచి మేం కోరేవి పెద్దవేం కాదు. హాస్టల్ ఫీజును ఒకే అంకెగా కాకుండా గది, మెస్, కరెంటు, తిరిగిచ్చే డిపాజిట్ అని విడగొట్టి వెబ్‌సైట్‌లో పెట్టాలి. మెస్ తగ్గింపు షరతు అక్కడే రాయాలి. బయట ఉండే విద్యార్థుల చిరునామా, కలిసి ఉండేవాళ్ల పేర్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు ప్రతి సెమిస్టర్ మొదట్లో తీసుకుని దగ్గర ఉంచుకోవాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా డెంగీ రోజుల్లో వరసగా రెండు రోజులు క్లాసుకు రాని విద్యార్థి ఏ గదిలో పడుకుని ఉన్నాడో తెలియాల్సిన బాధ్యత ఎవరికో ఒకరికి ఉండాలి. ఫీజు సెమిస్టర్‌వారీగా కట్టించుకోవాలి. ఆగస్టులో ఏడాది మొత్తానికి కట్టించుకుని, జనవరిలో ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కంటూ పిల్లల్ని నగరానికి పంపేస్తున్న కాలేజీలున్నాయి. అక్కడ ఆ విద్యార్థి మళ్లీ ప్రైవేటు హాస్టల్‌కు డబ్బు కడుతున్నాడు. అతను తినని ఆ నాలుగైదు నెలల మెస్ డబ్బు ఏ పద్దులో ఉందో కాలేజీ కాగితం మీద చూపించాలి.

ఇట్లు,
హాస్టళ్ల బాధ్యత చూసిన విశ్రాంత అధ్యాపకులు,
హైదరాబాద్